చేపుకొచ్చిన పాలు

మా బాబు నెలలు నిండకుండానే పుట్టాడు. ఎనిమిదో నెల పడిందా, పడలేదా అని మా అత్తగారు మూడు రోజుల పాటు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదని మా వైపు ఒక నమ్మకం. ఆమె లెక్క ఎటూ తేలలేదు. చివరికి "దేవుని చిత్తం" అని బైబిలు మూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. డెబ్బైల నడిమి సంవత్సరాలవి. మా ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను చిట్కుల్‌లో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పే టీచరును. మా ఇల్లు ఊరి చివర ఉండేది. రెండు గదులు, ముందు ఒక అరుగు. అరుగు మీద నిలబడితే నిన్నమొన్నటి దాకా జొన్న పండిన చేలల్లో ఇనుప స్తంభాలు లేస్తూ కనిపించేవి. ఏ నెలకా నెల ఒక కొత్త షెడ్డు.

కాన్పు రోడ్డు మీద ఉన్న చిన్న దవాఖానలో అయింది. ఒక డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు, ఆరు మంచాలు. బాబును కాంటా మీద వేస్తే కిలో ఆరు వందలు తూగాడు. వీపంతా సన్నటి నూగు. చెవులు ఇంకా గట్టిపడలేదు, ఎటు మడిస్తే అటే ఉండిపోయేవి. పొట్ట మీద చర్మం లోంచి నీలం నరాలు కనిపించేవి. ఏడిచేవాడు కాదు. నోరు తెరిచేవాడు, చప్పుడు వచ్చేది కాదు. పక్కమంచం మీది మనిషిని చూడవచ్చిన ఒకావిడ తొంగిచూసి, "ఎలుక పిల్ల తీరున్నడు" అని ముక్కు మీద వేలు వేసుకుంది. నేను వింటున్నానని ఆవిడకు తెలుసు.

తొమ్మిదో రోజున ఇంటికి పంపారు. పంపుతూ పెద్ద నర్సు నాకు పని నేర్పింది. ఆవిడ కోస్తా వైపు మనిషి, గొంతు పెద్దది. "వీడికి చప్పరించే బలం లేదమ్మా. పాలు పిండి గిన్నెలో పట్టు. సిరా ఫిల్లరు కొత్తది కొని, మరగబెట్టి, దాంతో చుక్కచుక్కగా పొయ్యి. నిద్రపోతున్నాడు కదా అని ఊరుకోకు. వీడికి ఆకలేసినా లేవడు. అరికాలి మీద వేలితో కొట్టి లేపు. రెండు గంటలకోసారి." బట్టలో చుట్టిన వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టమంది. ప్రతి సోమవారం తెచ్చి తూకం వేయించమంది.

అలా మా ఇంట్లో వారానికి ఒకటే రోజు మిగిలింది, సోమవారం. మిగతా ఆరు రోజులూ దానికోసమే.

మొదటి సోమవారం అరవై గ్రాములు తగ్గాడు. పుట్టిన పిల్లలు కొంత తగ్గుతారని నర్సు చెప్పినా మా అత్తగారు వినలేదు. రెండో సోమవారానికి ముందే నాకు చలిజ్వరం వచ్చింది. ఎడమ రొమ్ము గడ్డకట్టి రాయిలా అయింది. డాక్టరమ్మ కోసి చీము తీసి గుడ్డ కూరింది. ఆ నొప్పికో, జ్వరానికో, భయానికో, కుడివైపు పాలు కూడా తగ్గి తగ్గి ఆగిపోయాయి. వెల్లుల్లి కారం తిన్నాను. మెంతులు తిన్నాను. మేక కాళ్ళ షోర్వా తాగాను. గిన్నె పట్టుకుని గంటసేపు పిండితే అడుగు తడిసేది కాదు.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూసేది. "పొదుగు లేని బర్రెను కట్టేసుకున్నట్టయింది నా కొడుకు గతి" అంది ఒకరోజు. నాతో కాదు, గోడతో.

డబ్బా పాలు మొదలుపెట్టాం. రెండు రోజులకు వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడో సోమవారం కాంటా మీద వేస్తే కిలో నాలుగు వందల యాభై. పెద్ద నర్సు ఆ అంకె కాగితం మీద రాసింది. తర్వాత, "తల్లిపాలు పడితే తప్ప కష్టమమ్మా. నీవే కానక్కర్లేదు. ఎవరివైనా సరే" అంది.

మా ఇంటి వెనక లేస్తున్న షెడ్డుకు పాలమూరు నుంచి కూలీలు వచ్చి ఉన్నారు. పది పన్నెండు గుడిసెలు, పైన తాటాకు, టార్పాలిన్. వాళ్ళలో ఒక ఆమె రెండు నెలల ఆడబిడ్డను చెట్టుకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో వేసి సిమెంటు తట్టలు మోసేది. మా అత్తగారు ఆమెను బోరింగు దగ్గర చూసింది. రవిక ముందుభాగం తడిసి ఉందట. అదే రోజు ఆమెను పిలుచుకొచ్చింది.

ఆమెకు ఇరవై, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. పొడవు మనిషి, నల్లగా, పెద్ద పళ్ళు. చంకలో బిడ్డ. ఆ బిడ్డకు మణికట్ల దగ్గర మడతలు పడి ఉన్నాయి. ఆమె మా మంచం మీదికి వంగి చూసి పకపకా నవ్వింది.

"టీచరమ్మా, గింతే ఉన్నడా నీ కొడుకు? మా దాని కాలంత లేడు గద!"

నాకు కోపం వచ్చింది. కానీ నా చూపు ఆమె రవిక మీది తడి మీదే ఉంది.

"జెర తాపుతవా పిల్లా?" అంది మా అత్తగారు.

"తాపుతా. ఏమైతది? నావి ఊకెనే కారిపోతున్నయి. తట్ట మోస్తుంటె రైక తడిసి సిమెంటు అంటుకుంటున్నది. ఇద్దరికి సాలుతయి, ఇంక మిగులుతయి."

ఆమె తట్ట మోయడం మానేసి రోజూ మా ఇంటికి వచ్చేటట్టు, రెండు పూటలా మా దగ్గరే తినేటట్టు మాట కుదిరింది. అన్నం, పప్పు, రోజుకో గుడ్డు. ఆమె పెనిమిటి సంతోషపడ్డాడు. మేస్త్రీ ఆమె చోట్లో ఇంకొకరిని పెట్టుకున్నాడు.

రాగానే వేడినీళ్ళతో స్నానం చేసి నా పాత చీర కట్టుకునేది. తినడానికి ఆమె కంచం వేరు, అరుగు మీద. ఆదివారం మా చర్చి గుడిలో ప్రభువు బల్ల దగ్గర మేమంతా ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం తాగేవాళ్ళం. అయినా ఆమె కంచం వేరుగా ఉండాలని మా ఇంట్లో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె కూడా అడగలేదు.

మొదట్లో ఆమె గిన్నెలోకి పిండేది, నేను ఫిల్లరుతో పోసేదాన్ని. ఎంత నొక్కాలో నాకు తెలిసేది కాదు. ఒకసారి పాలు ముక్కులోకి వచ్చి వాడు నీలంగా అయిపోయాడు. నేను అరుస్తూ నిలబడ్డాను. ఆమె వాణ్ని లాక్కుని, అరచేతిలో బోర్లా వేసుకుని, వీపు మీద రెండు దెబ్బలు వేసి, ముక్కుకు తన నోరు పెట్టి పీల్చి ఉమ్మేసింది. వాడు ఊపిరి తీసుకున్నాడు. "గట్ల గాదు టీచరమ్మా, నాకియ్యి" అని ఆ రోజు నుంచి ఫిల్లరు తనే పట్టుకుంది. పది పన్నెండు రోజులకు, ఫిల్లరు పక్కన పెట్టి రొమ్ముకు పట్టిస్తే వాడు చప్పరించాడు. "పట్టిండు! టీచరమ్మా, పట్టిండు!" అని ఆమె అరిచిన అరుపుకు మా అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. సంతోషమే. కానీ అది నా రొమ్ము కాదని కూడా ఏడ్చాను.

కిలో ఆరు వందలు. కిలో ఏడు వందల యాభై. కిలో తొమ్మిది వందలు. మా అత్తగారు సోమవారాలు బస్సు దిగి వస్తూ దారిలో కనబడిన వాళ్ళందరికీ ఆ అంకె చెప్పేది. మా వాడి తర్వాత ఆమె తన బిడ్డకు ఇచ్చుకునేది. నిజంగానే ఇద్దరికీ సరిపోయేవి.

తర్వాత ఒక సోమవారం కాంటా ముల్లు కదల్లేదు. పోయిన వారం ఎంతో ఈ వారమూ అంతే.

"పొద్దుగాల్ల వట్టి రొమ్ముతోని వస్తున్నది. దాని పిల్లకే అంత తాపి వస్తున్నది" అంది మా అత్తగారు. మర్నాడు తెల్లారగానే లేచి నేనే గుడిసెల దగ్గరికి వెళ్ళాను. గుడిసె ముందు ఆమె గోనెపట్టా మీద కూర్చుని ఉంది. ఒడిలో బిడ్డ ఒకవైపు తాగి, రెండోవైపు తాగుతోంది. ఆమె తల వంచి బిడ్డ జుట్టులో వేళ్ళు పెట్టి ఏదో పాడుతోంది. నన్ను చూసి నవ్వింది.

ఇక్కడి నుంచి నేను చెప్పేది మా అత్తగారి మీద నెట్టేస్తే నాకు తేలిక. ఆమె నోరు మంచిది కాదు, అందరికీ తెలుసు. కానీ ఆ పొద్దున గుడిసె దగ్గర ఆ మాట అన్నది నేనే.

"పొద్దుగాల నీ బిడ్డకు ఇయ్యకు. మా ఇంటికొచ్చి వాడు తాగినంకనే."

"మరి దీనికేంది టీచరమ్మా?"

"గంజి తాపు. నీ బిడ్డ బలంగుంది. ఆడపిల్ల, తట్టుకుంటది. మావాడు అట్ల గాదు గద."

ఆమె బిడ్డ వైపు చూసింది. నా వైపు చూసింది. "సరే తియ్యి" అని రొమ్ము విడిపించుకుంది. బిడ్డ నోరు ఇంకా చప్పరిస్తూనే ఉంది.

అయినా ఒక చిక్కు మిగిలింది. మా వాడు రెండు నిమిషాలు చీకగానే అలసిపోయి నిద్రపోయేవాడు. రొమ్ములో పాలున్నా లాక్కునే శక్తి లేదు. ఒకరోజు అలాగే వాడు కళ్ళు మూసేసుకుంటుంటే, అరుగు మీద పడుకోబెట్టిన ఆమె బిడ్డ ఆకలికి గట్టిగా ఏడుపందుకుంది. ఆ ఏడుపు వినగానే ఆమె రొమ్ములు రెండింటి నుంచీ పాలు వాటంతటవే దిగాయి. రెండోవైపు నుంచి ధారగా చీర మీద పడ్డాయి. మా వాడు చప్పరించనక్కర్లేదు, మింగితే చాలు. గుటక గుటకకూ వాడి గొంతు కదులుతుంటే నేను వంగి చూశాను.

మా అత్తగారు రైతుల ఇంటి ఆడబిడ్డ. చూడగానే ఆమెకు అర్థమైంది. "సూసినవా? లేగ అరిస్తె బర్రె సేపినట్టు" అంది.

ఆ తర్వాత అది మా ఇంట్లో పద్ధతి అయిపోయింది. ఆమె వచ్చేది, బిడ్డను అరుగు మీద పడుకోబెట్టేది, స్నానం చేసి లోపలికొచ్చి మా వాణ్ని ఒడిలో వేసుకునేది. బయట బిడ్డ ఏడ్చేది. లోపల పాలు దిగేవి. బిడ్డ గుక్క పట్టినప్పుడు ఆమె సగం లేచేది. "కూసో. వాణ్ని తాగనియ్యి" అని నేను భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేదాన్ని. గట్టిగా నొక్కేదాన్ని కాదు. ఆమె నాకంటే బలమైన మనిషి, తోసేస్తే నేను పడిపోయేదాన్ని. తొయ్యలేదు. తల తలుపు వైపు తిప్పి కూర్చునేది.

ఒకరోజు అరుగు మీద చప్పుడు లేదు. బిడ్డ నిద్రపోయింది. మా వాడు చీకి చీకి అలసిపోతున్నాడు. నేను లేచి బయటికి వెళ్ళాను. బిడ్డ నోట్లో బొటనవేలు పెట్టుకుని పడుకుని ఉంది. వేలు తీసి, అరికాలి మీద నా వేలితో కొట్టాను. మా వాణ్ని పాలకు లేపడానికి నర్సు నేర్పిన పద్ధతే అది. రెండో దెబ్బకు లేచి ఏడ్చింది. నేను లోపలికొచ్చి కూర్చున్నాను. నేను బయట ఏం చేసి వచ్చానో ఆమెకు తెలుసు. అరుగుకూ గదికీ మధ్య ఒక తలుపు రెక్కే గదా.

మా ఆయన ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి, అరుగు మీద ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "గీ పిల్ల ఎందుకు గట్ల ఏడుస్తది రోజూ?"

"అది గట్లనే ఏడుస్తది" అన్నాను.

ఆయన బిడ్డను మళ్ళీ పడుకోబెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఇంకోసారి అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

మా వాడు పెరిగాడు. రెండు కిలోలు దాటిన రోజు మా అత్తగారు వీధంతా చక్కెర పంచింది. చెవులు గట్టిపడ్డాయి. చెంపలు వచ్చాయి. తొలిసారి నా మొహం చూసి నవ్వాడు. నేను ఆ సంతోషంలో ఉన్నాను. ఆ సంతోషం నిజమైనదే, ఇప్పుడు దాన్ని తక్కువ చేసి చెప్పలేను.

రెండు కిలోల ఆరు వందలైన సోమవారం పాలమూరామె కూడా మాతో బస్సులో వచ్చింది. దారిలో వాడికి పాలు పట్టాలని నేనే రమ్మన్నాను. మా వాణ్ని తూచాక, ఆమె చంకలోని బిడ్డను ముందుకు చాపి, "అమ్మా, జెర మా దాన్ని గూడ కాంట మీద ఏయరాదా? ఎప్పుడు ఏపియ్యలె" అని నర్సును అడిగింది. ఆమెకు అదొక ముచ్చట.

పెద్ద నర్సు బిడ్డను కాంటా మీద పెట్టింది. ముల్లు చూసి, "ఎన్ని నెలలు?" అంది.

"నాలుగు నిండినయి."

"నాలుగు నెలల పిల్ల మూడు కిలోల ఏడు వందలా?" నర్సు బిడ్డ తొడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ఆ మడత వెంటనే సర్దుకోలేదు. మణికట్ల దగ్గర మడతలు ఎప్పుడు పోయాయో నేను గమనించలేదు. "ఏం పెడుతున్నావే దీనికి? పాలివ్వట్లేదా? రొమ్ము నిండా పాలు పెట్టుకుని పిల్లని ఎండగడతావా? తల్లివేనా నువ్వు? ఆడపిల్లని చెప్పి వదిలేశావా?"

దవాఖానలో అందరూ తిరిగి చూశారు. పాలమూరామె నా వైపు చూసింది. నేను మా వాడి తూకం రాసిన కాగితం మడత పెట్టుకుంటున్నాను. చాలా జాగ్రత్తగా, అంచుకు అంచు కలిపి మడత పెట్టాను.

"తాపుతున్ననమ్మా" అంది ఆమె.

"తాపుతున్నావు! కనిపిస్తోంది!" అని నర్సు బిడ్డను ఆమె చేతుల్లో పెట్టేసింది.

బస్సులో ఇస్నాపూర్ దాటేదాకా ఆమె బిడ్డ తొడ మీద నర్సు పట్టిన చోట రాస్తూ కూర్చుంది. తర్వాత, "టీచరమ్మా, రేపటిసంది దానికి ముందు ఇస్త. జెరంత. వానికి గూడ సాలుతయి" అంది.

"సరే" అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

ఇంటికొచ్చాక మా అత్తగారికి సంగతి తెలిసింది. అరుగు మీదికి వెళ్ళి ఆమెతో, "దాని ఎంగిలి పాలు మా వానికి అక్కర్లేదు. గట్లయితె రేపటిసంది రాకు. పోయి తట్ట మోసుకో" అంది. మేస్త్రీ దగ్గర ఆమె చోటు లేదని మా అత్తగారికి తెలుసు. నేను లోపల మంచం మీద మా వాణ్ని పక్కన వేసుకుని పడుకుని ఉన్నాను. ప్రతి మాటా వినిపించింది. నాలుగు అడుగులు వేస్తే అరుగు. లేవలేదు. మర్నాడు ఆమె వచ్చింది, బిడ్డను పడుకోబెట్టింది, స్నానం చేసింది, లోపలికొచ్చింది.

వానలు మొదలయ్యాయి. గుడిసెల చుట్టూ షెడ్డు పునాదుల నీళ్ళు నిలిచాయి. ఒక పొద్దున ఆమె బిడ్డను తీసుకురాలేదు.

"విరేచనాలైతున్నయి టీచరమ్మా. మా అక్క దగ్గర పెట్టొచ్చిన. కండ్లు లోపలికి పోయినయి."

"పండ్లొచ్చే ముందు గట్లనే ఐతది. గంజిల ఉప్పేసి తాపు" అన్నాను. నేను టీచరును. నా మాట అంటే ఆమెకు గురి. ఆమె మా వాడికి పాలిచ్చి వెళ్ళిపోయింది. రెండో రోజు కూడా వచ్చి, ఇచ్చి, తినకుండా వెళ్ళిపోయింది. దవాఖానకు తీసుకుపోదాం పద అని నేను అనలేదు. ఆ మాట నాకు తోచలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. తోచింది. తీసుకుపోతే పెద్ద నర్సు మళ్ళీ అడుగుతుందని భయపడ్డాను.

మూడో రోజు ఆమె రాలేదు. పొద్దెక్కింది. మా వాడు ఆకలికి ఏడ్చాడు. పుట్టిన తర్వాత వాడు అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. గొంతులో బలం వచ్చింది. చక్కెర నీళ్ళు పట్టినా ఊరుకోలేదు. గొడుగు తీసుకుని బురదలో చెప్పులు ఇరుక్కుంటుంటే తిట్టుకుంటూ గుడిసెల దగ్గరికి వెళ్ళాను. గుడిసె ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో ఆమె.

"ఎందుకు రాలే? వాడు పొద్దటిసంది ఏడుస్తున్నడు" అన్నాను.

పక్కన ఆమె పెనిమిటి వాన నీళ్ళలో పార కడుగుతున్నాడు. పారకు ఎర్రమన్ను అంటుకుని ఉంది.

"పాతిపెట్టొచ్చిన్రు టీచరమ్మా. ఇప్పుడే" అంది ఆమె.

గుడ్డ ఉయ్యాల చెట్టుకు ఖాళీగా వేలాడుతూ వానకు తడుస్తోంది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఏదైనా అనాలి. ఒక ముసలామె నన్ను చూసి, "పో బిడ్డా, నీ పిల్లగాడు ఏడుస్తుండు గద" అంది. అది జాలో, ఎత్తిపొడుపో తెలియలేదు. వచ్చేశాను.

మర్నాడు మేము పిలవలేదు. ఆమే వచ్చింది. రవిక గట్టిగా బిగుసుకుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. స్నానం చేయలేదు. మా అత్తగారు స్నానం సంగతి ఎత్తలేదు.

"నొస్తున్నయి. రాళ్ళయినయి. పిండుకుంటె పోతలేవు. వాణ్ని ఇటియ్యి."

ఇచ్చాను. వాడు పట్టుకున్నాడు. చీకాడు. పాలు రాలేదు. అంత నిండుగా ఉండి కూడా రాలేదు. వాడు విడిచిపెట్టి మళ్ళీ పట్టుకున్నాడు. మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. అరుగు మీద ఏ చప్పుడూ లేదు. ముగ్గురం ఆ నిశ్శబ్దం విన్నాం. అప్పుడు ఆకలికి ఓర్చుకోలేక మా వాడే గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపుకు ఆమె పాలు దిగాయి. ధారగా దిగి వాడి మొహం మీద పడ్డాయి.

ఆమె వాటిని చూసుకుంది. "సిగ్గులేని పాలు, టీచరమ్మా" అంది.

వాడు కడుపు నిండా తాగాడు. రెండువైపులా తాగాడు. ఆ వారం మూడు వందల గ్రాములు పెరిగాడు. అన్ని సోమవారాల్లోకీ అదే ఎక్కువ.

ఆదివారం గుడిలో మా అత్తగారు లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. డాక్టర్లు వదిలేసిన బిడ్డను ప్రభువు ఎలా నిలబెట్టాడో చెప్పింది. చెబుతూ ఏడ్చింది, అందరూ ఏడ్చారు. నన్నూ లేచి నిలబడమన్నారు. బాబును ఎత్తుకుని నిలబడ్డాను. వాడి బుగ్గలు చూసి ఆడవాళ్ళు మెటికలు విరిచారు. పాలమూరామె మాట మా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆమె ఆ తర్వాత నాలుగు నెలలు వచ్చింది. నవ్వేది కాదు, పాడేది కాదు. కానీ మా వాడు ఆమెను చూస్తే చేతులు చాచేవాడు. నా ఒడిలోంచి దూకేవాడు. ఆమె ఎత్తుకుంటే ఆమె మెడ దగ్గర మొహం పెట్టేవాడు. ఒక్కోసారి తాగడం అయిపోయాక కూడా ఆమె వాణ్ని దించేది కాదు, అలాగే కూర్చునేది. అది చూడలేక నేను ఏదో పని చెప్పి వాణ్ని తీసేసుకునేదాన్ని. ఎనిమిదో నెలలో రాగి జావ, మెత్తటి అన్నం మొదలుపెట్టగానే, "ఇగ సాలు, రేపటిసంది రానక్కర్లేదు" అని చెప్పాను. చెప్పింది నేనే. మా అత్తగారు ఇంకో నెల ఉండనిమ్మంది.

షెడ్డుకు రేకులు వేసేశారు. కూలీల జట్టు జిన్నారం వైపు ఇంకో పనికి పోతోందని తెలిసింది. వాళ్ళు పోయే రోజు మధ్యాహ్నం ఆమె నెత్తిన మూట పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వెనక రోడ్డు మీద మిగతా వాళ్ళు లారీ ఎక్కుతున్నారు.

"పోతున్నం టీచరమ్మా. ఒక్కసారి వాణ్ని సూసి పోత."

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. "పండుకున్నడు" అన్నాను.

లోపల మా వాడు కంచం మీద చెంచాతో కొడుతూ కేకలు వేస్తున్నాడు. ఆ చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తోంది. ఆమె కొంచెంసేపు ఆ చప్పుడు వింటూ నిలబడింది. దిష్టి తగులుతుందని కాదు నా భయం. ఆమెను చూస్తే వాడు దూకుతాడు. దూకితే ఆమె ఎత్తుకుంటుంది. ఎత్తుకున్నాక ఏమవుతుందో చూడటం నాకు ఇష్టం లేదు.

"పండుకోని తియ్యి. లేపకు" అంది ఆమె. మూట సర్దుకుని వెళ్ళిపోయింది.

మా వాడు ఇప్పుడు ఆరడుగుల మనిషి. నెలలు నిండకుండా పుట్టాడంటే ఎవరూ నమ్మరు. ఆమె ఆ తర్వాత ఎటు పోయిందో, మళ్ళీ బిడ్డలు పుట్టారో లేదో నాకు తెలియదు. అడిగితే తెలిసేదే. ఆ మేస్త్రీ ఇంకో రెండేళ్ళు మా ఊరి చుట్టుపక్కలే పనులు చేయించాడు, వారానికోసారి మా వీధి గుండానే పోయేవాడు. "నమస్తే టీచరమ్మా" అనేవాడు. నమస్తే అనేదాన్ని.